పెంటయ్యకు ముందు

హైదరాబాదు కొత్తగా రాజధాని అయిన రోజులవి. మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నేను కాంపౌండరుగా ఉన్న ఆసుపత్రిలో దయామణి అని పిల్లల డాక్టరమ్మ ఉండేది. తర్లుపాడులో కూలి చేసుకునే క్రైస్తవుల బిడ్డ. మద్రాసులో చదివి కూడా సొంత సీమకే వచ్చింది.

ఏటా ఒకరో ఇద్దరో కుర్ర డాక్టర్లు ఆమె దగ్గర పనికి చేరేవాళ్ళు. మందులివ్వడం వాళ్ళకు వచ్చు. ఆమె నేర్పాలనుకున్నది వేరు. ఈ పల్లెల్లో ఏడాదైనా నిండకుండా అంతమంది బిడ్డలు ఎందుకు పోతున్నారో కనిపెట్టాలి. ఆసుపత్రికి వచ్చిన బిడ్డను చూస్తే అది తేలదు. పోయిన బిడ్డ ఆసుపత్రికి రానే లేదు కదా! అందుకని గురువారం వస్తే కుర్రవాళ్ళను బస్సెక్కించి ఊళ్ళు తిప్పేది. వాళ్ళు మా ఎండకు హడలిపోయి, బదిలీ చేయించుకుని చక్కా పోయేవాళ్ళు.

ఒక్కడు నిలిచాడు. బట్టల దుకాణం లక్ష్మీనరసయ్య శెట్టి కొడుకు ఉమామహేశ్వర్లు. మొదటిరోజు పెద్దారవీడులో ఒక తల్లిని "ఎంతమంది బిడ్డలమ్మా?" అని అడిగాడు. "ఇద్దరు సామీ" అంది. పోయినవాళ్ళు లేరని రాసుకుని లేవబోయాడు. డాక్టరమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆ తల్లికి వినబడకుండా చెప్పింది.

"పెద్దోడి పేరు విన్యావా? పెంటయ్య. ఆచారం నీకు తెలియంది కాదు. ముందు బిడ్డ పోతే, తర్వాత పుట్టినోణ్ణి చేటలో పెట్టి పెంటదిబ్బ మీద ఉంచి, గుప్పెడు నూకలిచ్చి కొనుక్కున్నట్టు తెచ్చుకుంటారు. చావు కూడా అసహ్యించుకొని పోతాదని ఆ పేరు. పోయిన బిడ్డ ఊసు మాత్రం ఎత్తరు, ఉన్నోళ్ళకు కీడని. పెంటయ్య కనబడినాడంటే ముందు ఎవరు పోయినారో అడగాల. మెల్లగా అడగాల నాయనా. నన్నూ ఇంట్లో పెంటమ్మ అనే పిలిచేవాళ్ళు. నా ముందోళ్ళు ఎందుకు పోయినారో మాయమ్మకు ఇప్పటికీ తెలీదు."

రెండేళ్ళు అతను ఆమె వెంటే తిరిగాడు. అడగ్గా అడగ్గా ఒక సంగతి తేలుతూ వచ్చింది. ఎక్కువమంది బిడ్డలు ఎండాకాలం విరేచనాలతో పోతున్నారు, పైగా అప్పుడే పెద్దవాళ్ళు నీళ్ళు తాపడం మాన్పిస్తున్నారు. ఇంకా తిరగాల్సిన ఊళ్ళు చాలా ఉన్నాయి. తన తర్వాత ఈ పని వీడే చూస్తాడని ఆమె గట్టిగా నమ్మింది.

ఇంతలో శెట్టి కొడుక్కి గిద్దలూరు సంబంధం చేసి, ఆసుపత్రి ఎదురుగానే దవాఖానా పెట్టించాడు. జనం విరగబడ్డారు. ఆమె కిటికీలోంచి చూస్తే అతని గుమ్మమే కనిపించేది. దూరం పోయినవాణ్ణి మరిచిపోవచ్చు, రోడ్డుకవతల ఉన్నవాణ్ణి ఎట్లా మరుస్తారు? గురువారం బస్సులో పక్క సీటు మీద సంచి పెట్టి ఉంచేది. "ఈ వారం వీలుపడదమ్మా" అని అతను కబురంపేవాడు. తర్వాత కబురూ మానేశాడు. నాకైతే ఒళ్ళు మండింది. ఆమెకు మాత్రం బెంగ పట్టుకుంది.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఉదయం అవతలి దవాఖానా వసారాలో శెట్టి భార్య సుబ్బలక్ష్మమ్మ, తన కోడలు గిద్దలూరు పుట్టింట్లో కని తెచ్చిన పసివాణ్ణి ఎత్తుకుని "మా పెంటయ్య బంగారం" అని ముద్దుచేస్తోంది. డాక్టరమ్మ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. అంతకుముందు కాన్పు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

రోడ్డు దాటి పోయి, అతని ఎదురుగా రోగుల బల్ల మీద కూర్చుంది.

"ముందు ఎవరు పోయినారు నాయనా?"

అతను తలుపు మూశాడు. "ఆడపిల్లమ్మా. పుట్టింటికాడే. విరేచనాలు. నీళ్ళు తాపొద్దన్నారంట వాళ్ళు. తాపమని ఎన్ని ఊళ్ళలో చెప్పినానో! నా భార్యకే చెప్పలేదు. మీకు మొహం చూపించలేకపోయినాను."

వచ్చి ఆమె పక్కన కూర్చుని, "గురువారం నేనూ వస్తా. ఇంక మానను" అన్నాడు.

ఈ మాట కోసమే ఆమె ఇన్నేళ్ళూ ఎదురుచూసింది. అతని తల నిమురుతూ, "నువ్వు రావాలనే కోరుకున్నా. ఇట్ల రావాలని కాదు నాయనా" అని భోరుమంది.