ఆఖరి పంక్తి ఒక్కటీ

“...అయితే నేను కళ్లు మూసుకుని టైపు కొట్టాననేగా మీ తమ్ముడి లెక్క?”

“వాడు కాదే తల్లీ, మెషిన్ అంది.”

“మెషిన్‌కి నోరెక్కడిది? నలుగురిలో నవ్వింది మీ తమ్ముడే!”

మేడ మెట్ల మీద మరిది ఆగిపోయాడు. వదిన మాటలో అబద్ధం లేదు.

అచ్చాఫీసులో ప్రతి పుస్తకాన్నీ ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఆ రెండు ఫైళ్లనూ పంక్తికి పంక్తి పోల్చే ప్రోగ్రాం, పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో, అతను రాసిందే. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఎవరో ఒకరు పొరబడ్డట్టు. వదిన ఇంట్లో కొట్టి పంపిన పుస్తకానికి ఆఖరి పంక్తి తప్ప అన్నీ తేడాలే వచ్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడలేదు. ఖాళీలేవో ఎక్కువ కొట్టి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

“పోనీలే, చివరి పంక్తయినా మా వదిన చక్కగా కొట్టింది” అన్నాడు. ఆఫీసంతా గొల్లున నవ్వింది. యజమాని మాత్రం నవ్వలేదు. ఆమెకు పని పంపడం మానేశాడు. పిల్లలు బడికి వెళ్లాక కంప్యూటర్ బల్ల ముందు కూర్చునే కాసేపే ఆమెకు తనదంటూ ఉండేది.

ఈ మధ్యాహ్నం, ఏనాడూ తప్పు చేయని ఒక పెద్దాయన ఇంటినుంచి పంపిన ఫైలుకూ అదే ఫలితం. మళ్లీ ఆఖరి పంక్తి ఒక్కటే కలిసింది. అప్పుడు అక్షరాలు లెక్కపెట్టించాడు. ఇంటి కంప్యూటర్లు పంక్తి ముగిసినప్పుడల్లా కంటికి కనిపించని గుర్తులు రెండు పెడతాయి, ఆఫీసువి ఒకటే. అతని ప్రోగ్రాం ఒకదాన్నే తుడిచి, మిగిలిపోయిన రెండోదాన్ని తేడాగా లెక్కేసేది. ఆఖరి పంక్తి తర్వాత ఎవరూ ఎంటర్ నొక్కలేదు గనక అదొక్కటీ గట్టెక్కింది.

ఆ రోజు నవ్వే బదులు, అదొక్కటే ఎందుకు కలిసిందని అడగాల్సింది. కాలు జారితే తీసుకోవచ్చు.

ప్రోగ్రాం సరిచేసి వదిన ఫైలు మళ్లీ పోల్చాడు. మిగిలిన కాసిని తేడాలూ రెండో మనిషి తప్పులే.

లోపలికి వెళ్లి అంతా చెప్పాడు. వదిన బట్టలు మడతపెడుతూ విన్నది. బల్ల మీద కీబోర్డు ఉండే చోట ఇస్త్రీపెట్టె ఉంది.

“చూశావా, నే చెప్పలా?” అన్నాడు అన్న.

“మీరేం చెప్పారు? మెషిన్ అందన్నారు.”

“రేపు అందరి ముందూ చెప్తా వదినా, తప్పు నాదేనని.”

“చెప్పు.” ఆమె చొక్కా కాలరు సరిచేసింది. “ఆ పని మాత్రం నేనింక చెయ్యను.”