చెరకు తోటలో అమ్మ గొంతు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన నాలుగో ఏడు అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ధ్యానం కుదిరితే వాళ్ళ జాడ తెలుస్తుందని ఎవరో చెబితే, రోజూ సాయంత్రం వాయిలేవులోని మా చెరకు తోట నడుమ కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు చెవి పక్కనే అమ్మ గొంతు కసిరింది.

"లెయ్యవే మొద్దూ! బయటికి నడువు!"

ఉలిక్కిపడి గట్టెక్కాను. వెనకే తోట భగ్గుమంది. కోతకు ముందు ఆకు కాల్చే వంతు ఆ రోజు మాదే. తేదీలు మరవని నేను అది మరిచాను. నిప్పు పెట్టిన పక్కపొలం భయ్యా నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అరే దీదీ, తుమ్ భిత్తర్ రహా?"

లోపలే ఉన్నానని చెప్పి, నన్ను పిలిచిందెవరని అడిగాను.

"కోయీ నై. హమ్ అకేలే హై."

ఎవరూ లేరట, తనొక్కడేనట. అతనికి తెలుగు రాదు. ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు.

మళ్ళీ నేను వాళ్ళ కోసం వెతకలేదు. నేనెక్కడున్నానో వాళ్ళకు తెలుసు.