మూడోసారి అడగని మేడమ్

నిన్న చేతికందిన ఉద్యోగాన్ని నేనే, చక్కటి ఇంగ్లీషులో, వెనక్కి పంపేశాను. నవ్వకుండా వినండి.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో, పిక్కలు కొట్టే దగ్గర సూపర్‌వైజర్ని నేను. మా పప్పు కొనే ఢిల్లీ మేడమ్ ఇక్కడే ఆఫీసు పెడుతోంది. దానికో మేనేజర్ కావాలి. ఆ సీటు కోసమే మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషుకి వెళ్లాను. ఇక నా చొక్కాలకి జీడి మరకలుండవని మా ఆవిడ పార్వతికి ముందే చెప్పేశాను కూడా.

మేడమ్ వచ్చింది. నన్నూ, నాతో పనిచేసే సింహాచలాన్నీ పిలిపించింది. సూటిగా నన్నే అడిగింది. "విల్ యూ బి అవర్ మేనేజర్?"

లోపల గుండె గంతేసింది. కానీ మా జలంత్రకోటలో అడగ్గానే ఒప్పుకుంటే మొహం వాచినవాడంటారు. టీకైనా సరే, రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి మొహమాటపడుతూ తలూపాలి. మా అమ్మ నేర్పిన మర్యాద అది.

"నో నో మేడమ్," అన్నాను చేతులు కట్టుకుని.

"ఆర్ యూ ష్యూర్?" అంది.

అమ్మయ్య, రెండోసారి కూడా అడిగేసింది, ఇంకొక్కటే మిగిలింది అనుకున్నాను. "నాట్ మీ మేడమ్. ఐ డోంట్ హావ్ దట్ మచ్ టాలెంట్." కోచింగ్ సారు వింటే మురిసిపోయేవాడు, ఒక్క తప్పు లేదు. చూపు నేలమీద పెట్టి మూడోసారి కోసం తయారుగా నిలబడ్డాను.

"ఓకే, నో ప్రాబ్లమ్," అని మేడమ్ సింహాచలం వైపు తిరిగింది. ఆవిడ నోరు తెరవకముందే వాడు "యెస్ మేడమ్" అన్నాడు. వాడికొచ్చిన ఇంగ్లీషు అంతే.

బయటికొచ్చాక, "ఏటి బావా, నీకిష్టం నేదని ముందే సెప్పుంటే నానే ఎళ్లి అడుగుదును కదా," అన్నాడు. కడుపు మండిపోయింది. నవ్వుతూ కంగ్రాట్స్ చెప్పాను.

ఇంటికెళ్లి పార్వతికి జరిగిందంతా చెప్పాను. కంచం నా ముందు పెడుతూ అంది.

"పెళ్లిసూపులప్పుడూ ఇదే సేసినావు. పిల్ల నచ్చిందేటని మా అయ్య అడిగితే, రెండుసార్లూ 'ఇప్పుడే పెళ్లెందుకు మావా' అన్నావు. ఆయన మూడోసారి అడిగినాడు. మా అయ్యకీ ఇంగ్లీషొచ్చుంటే నాను బతికిపోదును."