ఇంగ్లీషు పాఠానికి సంత

ఇంటర్ రెండో సంవత్సరం ఇంగ్లీషులో నేను మార్చిలో తప్పాను. మిగతావన్నీ గట్టెక్కాయి, అదొక్కటే ముంచింది. డెబ్భైల చివరి మాట ఇది. సెప్టెంబరులో మళ్ళీ రాసుకోవచ్చు. అదీ పోతే ఇక అమలాపురంలో డిగ్రీ లేదు, మేనమామగారి సంచీ మోస్తూ పౌరోహిత్యానికి పోవడమే. ఈ సంగతి మా నాన్నగారు నాతో చెప్పలేదు, నేను వింటుండగా మావయ్యతోనే చెప్పారు. "సెప్టెంబరు దాకా చూస్తానోయ్. తప్పేడా, మాఘమాసం ముహూర్తాలకి నీ వెంట తీసుకుపో." పౌరోహిత్యం చిన్నదని నేనెన్నడూ అనలేదు. నాకు మాత్రం వద్దు. ఏడుపొచ్చేంత వద్దు.

నాన్నగారు ఘనపాఠి. పుస్తకం ముట్టకుండా వేదాన్ని ముందుకీ వెనక్కీ చెప్పగలిగిన మనిషి. ఇంగ్లీషు మాత్రం ఏబీసీడీలు కూడా రావు. అలాంటాయన నేను తప్పిన పుస్తకం తెమ్మన్నారు. నూరు పేజీలు లేని కథ అది. ఏదో పరాయి దేశంలో, ఊరి గడియారాన్ని చూసుకునే ఒక ముసలాయన కథ. నాన్నగారు దాన్ని చేతిలో ఎత్తి చూసి, "ఇంతేనా? దీనికా తప్పేవు?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా లెక్చరరు గారు చెప్పిన దారి వేరు. "కథ చదువు, పుస్తకం మూసెయ్యి, సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయి. తప్పులు పోతే పోనీ" అన్నారు. ఈ మాట ఇంట్లో చెప్పడం నా బుద్ధి తక్కువ. నాన్నగారు ఒక్కసారిగా లేచారు. "పాఠానికి సొంత మాటలేమిట్రా? రేపు వేదానికీ సొంత మాటలు చెబుతావా? రేపట్నించి సంత చెబుతాను, కూర్చో."

సంత అంటే మా ఇళ్ళల్లో చదువు చెప్పే పద్ధతి. గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పాలి. అంతే, పుస్తకం ఉండదు, అర్థం అడగడం ఉండదు. అయితే నాన్నగారికి ఇంగ్లీషు రాదు కదా! అందుకని ముందు నన్ను కథంతా బిగ్గరగా చదవమన్నారు. పొద్దున్నే స్నానాలయ్యాక అరుగు మీద చదివేవాణ్ణి, ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. పది రోజుల్లో, నా తల్లీ, ఆ పుస్తకం ఆయనకి వచ్చేసింది! ఒక్క ముక్కకి అర్థం తెలియదు, ఒక్క ముక్క పొల్లుపోదు. ఆ తర్వాత ఆయన ఒకసారి, నేను రెండుసార్లు. ఆ ఇంగ్లీషుకి ఆయన గొంతులో స్వరం కూడా వచ్చేసింది. వంటింట్లోంచి మా అమ్మ, "ఏ దేవుడికండీ ఈ మంత్రం?" అని నవ్వేది. నాకు నవ్వు రాలేదు. ఎక్కడైనా ఒక మాట దగ్గర తడబడితే మళ్ళీ మొదటికి వెళ్ళాలి. రోజుకి నాలుగైదుసార్లు వెళ్ళేవాణ్ణి.

పరీక్షకి పన్నెండు రోజులుందనగా ఊరికే పుస్తకం తిరగేస్తుంటే నలభై మూడో పేజీ తర్వాత నలభై ఆరు కనబడింది. కిందటేడు వర్షాకాలం చెమ్మకి మధ్య రెండు పేజీలు బంకపెట్టినట్టు అతుక్కుపోయాయి. నేను చదివినప్పుడే అవి దాటిపోయాయన్నమాట. పరుగెత్తుకెళ్ళి నాన్నగారితో చెప్పాను.

"సంతలో లేనిది ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?" అన్నారాయన.

"పుస్తకంలో ఉందండి, నాన్నగారండీ. విడదీస్తే..."

"ఒకసారి నోటికొచ్చిన పాఠంలో అక్షరం చేర్చకూడదు, తియ్యకూడదు. మధ్యలో కెలికేవంటే ఉన్నది కూడా పోతుంది. వద్దు."

ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది. నిజం చెప్పాలంటే నాకూ బద్ధకమే. తొంభై పేజీల్లోంచి ఆ రెండు పేజీలే అడుగుతారా, నా మొహం, అనుకున్నాను.

అవే అడిగారు.

పరీక్ష రోజు గోదావరి పాయ మీద కట్టిన గన్నవరం అక్విడక్టు వెంట బస్సు పాకుతున్నంతసేపూ పాఠం వల్లె వేస్తూనే ఉన్నాను. "సెంటరుకేనా బాబూ?" అని కండక్టరు అడిగితే ఆయ్ అనడానిక్కూడా నోరు తెరవలేదు, వరస తప్పుతుందని. హాల్లో ప్రశ్నపత్రం ఇచ్చారు. కథ మీద తప్పనిసరిగా రాయాల్సిన పెద్ద ప్రశ్న: ముసలాయన ఊరి గడియారాన్ని ఎందుకు ఆపేశాడు?

పాఠం మొదట్నించీ లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చాను. ముసలాయన మెట్లెక్కి గడియారం దగ్గరికి వెళ్ళాడు. అక్కడితో నలభై మూడో పేజీ అయిపోతుంది. వెంటనే ఊరి జనం కింద చేరి, గంట ఎందుకు కొట్టడం లేదని తిడుతుంటారు. ఎందుకు ఆపాడో మధ్యలో ఉంది. నా దగ్గర లేదు. మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టాను. అదే గుంటలో పడ్డాను. "ఏయ్, ఎవరితోనయ్యా ఆ గొణుగుడు? ఇంకోసారి పెదాలు కదిలితే పేపరు లాక్కుంటాను" అని కాపలా ఉన్న మేష్టారు గద్దించారు. పెదాలు కదలకుండా చెప్పుకోవడం నాకు చేతకాదు. పాఠం ఆగిపోయింది. గంట కూడా మిగల్లేదు. మావయ్య సంచీ కళ్ళ ముందు ఊగింది.

పాఠం ఆగాకే ఒక సంగతి తట్టింది. ముసలాయన భార్య ఏమైంది? ముప్పయ్యో పేజీలో ఆవిడ జబ్బుగా మంచం మీద ఉంది. నలభై ఆరు నుంచి ఆవిడ ఊసే లేదు. నాలుగు నెలలపాటు రోజూ నోటితో అన్నాను, ఆ మనిషి కథలోంచి మాయమైందని ఒక్కనాడైనా గమనించలేదు! ఆవిడ పోయిందన్నమాట. అందుకే ఆపేశాడు. మా నానమ్మ పోయినప్పుడు మా ఇంట్లోనూ అంతే, మైల పది రోజులూ వేదం చెప్పకూడదు. పుట్టి బుద్ధెరిగాక మా ఇల్లు అంత మూగగా ఉండటం నేను చూడలేదు.

అది రాశాను. నా ముక్కల ఇంగ్లీషులో, తప్పులతో, ఎవరూ సంత చెప్పని వాక్యాలు.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి నాన్నగారు అరుగు మీదే ఉన్నారు. "ఏమడిగేరు? ఏం రాసేవు? అప్పజెప్పు" అన్నారు. అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. పాఠంలోంచి ఏ ముక్క అప్పజెప్పినా సరిపోయేది. కానీ ఆయన చెవి అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తుంది. రాసింది రాసినట్టు చెప్పాను.

రెండో వాక్యానికే చెయ్యెత్తి ఆపారు. "ఇది మన పాఠంలో లేదు. ఎవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదండి. నేనే రాసేను. ఆ రెండు పేజీలే అడిగేరండి."

చెంప పగులుతుందనుకున్నాను. "దానికి అర్థమేమిటి?" అన్నారాయన. ఆ పుస్తకం గురించి ఆయన అర్థం అడగడం అదే మొదలు.

"మా నానమ్మ పోయినప్పుడు మా నాన్నగారు పది రోజులు వేదం చెప్పలేదు. మా ఇంట్లో చప్పుడు లేదు. ముసలాయన కూడా అలాగే ఆపేశాడు, అని అండి."

నాన్నగారు పై కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇంగ్లీషులో ఇంకోసారి చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన వెన్ను నిటారుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నా వాక్యాన్ని నా తప్పులతో సహా రెండుసార్లు చెప్పారు.

వారం తిరక్కుండా మావయ్య వచ్చాడు, ముహూర్తాల మాట ఎత్తాడు. ఫలితాలు ఇంకా రాలేదు. నేను తలుపు వెనక నిలబడ్డాను. "తప్పినా సరే, వాడు రాడోయ్" అన్నారు నాన్నగారు. "వాడికి సొంత మాటలున్నాయి."

ఫలితాలు కార్తీకంలో వచ్చాయి. ముప్పై ఎనిమిది మార్కులు.