సంతలో బాగయ్యే ఫోను

ఫోను కొనేముందు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇది పాడైతే మా సంతలో బాగవుతుందా?" నర్సీపట్నం షాపులో అమ్మేతను నాకు కెమెరా గొప్పలు చెబుతున్నాడు. నేను మళ్ళీ అదే అడిగాను. దాంతో అతను నన్ను వదిలేసి నా మరిది వైపు తిరిగాడు.

మా మరిది లంబసింగిలో టూరిస్టులకు జీపు నడుపుతాడు. పైసా చేతిలో నిలవదు గానీ సోకు మాత్రం తక్కువ కాదు. ఆ నెలలోనే వచ్చిన మోడల్ తీసుకున్నాడు. నేను అదే కంపెనీలో అంతకు ముందు ఏడాది వచ్చిన మోడల్ అడిగితే, షాపతను పై అర నుంచి డబ్బా దించి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ మరిది వేళాకోళమే.

"కొత్తొక వింత, పాతొక రోత అంటారు గదా వదినా. నువ్వేటి, డబ్బులిచ్చి మరీ రోత కొన్నావు."

"నీ వింత ఎన్నాళ్ళుంటాదో సూద్దాం," అన్నాను. నాకు కోపం బేగి వస్తుంది, బేగి పోదు.

నా లెక్క నాకుంది. గూడెం కొత్తవీధి సంతలో, ఉల్లిపాయల రాశుల పక్కన, గొడుగు కింద కూర్చుని ఒకాయన ఫోన్లు బాగుచేస్తాడు. కొనడానికి ముందు రెండు సంతలు వరసగా వెళ్ళి ఆయన ముందున్న బట్ట మీద ఏ ఫోన్లు విప్పి ఉన్నాయో చూసొచ్చాను. మా కొండల్లో గొడ్డలి కొన్నా, నాగలికి కర్రు కొన్నా అదే పద్ధతి. కమ్మరి సరిచేయలేని ఇనుము ఇంటికి తేకూడదంటారు. ఫోనుకు మాత్రం వేరే నీతి ఎందుకుంటుంది?

నాకు ఆ ఫోను సరదాకి కాదు. మా ఊరి ఆడవాళ్ళం పన్నెండు మందిమి ఒక సంఘంగా ఉన్నాం. ఏటా కాఫీ పళ్ళు కోసి, ఆ పచ్చి సరుకే రోడ్డు దాకా మోసి, సావుకారి వ్యానులో పోసేసేవాళ్ళం. ధర ఆయన చెప్పిందే, తూకం ఆయన చూపిందే. ఆ ఏడు పొయ్యొద్దన్నాను. పళ్ళు మనమే తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, నేరుగా అమ్ముకుందామన్నాను. ఆడోళ్ళు బేరాలాడతారట అని మగవాళ్ళు అరుగుల మీద నవ్వుకున్నారు. సంఘంలో అందరికంటే పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

"నీ మాట మీద సావుకారిని ఒగ్గేత్తన్నాం," అంది. "సరుకు మిగిలిపోనాదంటే మా ఇంట్లో నేను తలెత్తలేను. గుర్తెట్టుకో."

గుర్తు పెట్టుకోకుండా ఎలా ఉంటాను? చాలా రోజులు ఆ మాట నాకు అన్నం సహించనివ్వలేదు.

విశాఖపట్నంలో కాఫీ కొనే ఒకావిడ ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. పూత నుంచి ఎండబెట్టడం దాకా ప్రతి తోటనీ ఫొటోలు తీసి ఉంచాలి. చివర్లో వీడియో కాల్‌లో ఆవిడ సరుకు చూసి, ఫొటోలు చూసి, అప్పుడు మాట ఇస్తుంది. పూత నాటి నుంచి ఫొటోలన్నీ నా ఫోనులోనే తీశాను. ఆ కాల్ సంత మర్నాటికి కుదిరింది.

సంత మూడు రోజులుందనగా, మరిది బైకు మీద గెడ్డ దాటుతుంటే నాచు పట్టిన రాయి మీద చక్రం జారింది. ఇద్దరం నడుం లోతు నీళ్ళలో పడ్డాం. మాకు మోకాళ్ళు దోక్కుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఫోన్లు రెండూ ఆరిపోయాయి. గెడ్డ ఒడ్డున కూర్చుని ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

తడిసిన ఫోన్లు బియ్యంలో పెట్టాలని మరిది ఎక్కడో విన్నాడు. ఇంట్లో పాత బియ్యం అయిపోయి రెండు రోజులు. కొత్త బియ్యం కుండ నిండా ఉంది గానీ, దిసారి ఇంకా కొత్త పండగకు మంచిరోజు చూడలేదు. ఆ పూజారి రోజు పెట్టి, అమ్మవారికి నైవేద్యం అయ్యేదాకా కొత్త పంట గింజ ఎవరూ ముట్టకూడదు. మేం కుండ వైపు చూడగానే మా అత్త దాని ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మోరికి ఎట్టకుండా మీ ఫోన్లకి ఎడతారేటి?"

చివరికి ఆవిడే పాత చోళ్ళ గాదె మూత తీసింది. మా తిండంతా ఆ రాగుల మీదే. "ఇవీ గింజలే గదా, ఇవీ నీరు పీల్సుతాయి," అంది. న్యాయంగానే తోచింది. నా ఫోను నేనే మోచేతి దాకా చెయ్యి దింపి లోతుగా పాతాను.

చోళ్ళు ఆవగింజంత ఉంటాయన్న సంగతి నాకూ మరిదికీ తట్టలేదు. సంత నాటి ఉదయం తీసి చూస్తే ఫోన్లు పొడిగానే ఉన్నాయి గానీ, ఉన్న ప్రతి కన్నంలోనూ గింజలే. తడికి ఉబ్బి, చార్జరు దూరే చోట బిగుసుకుపోయాయి. మరిది పిన్నీసుతో పొడిచి వాటిని ఇంకా లోపలికి తోశాడు.

సంతలో ఆయన నా ఫోను మరలు విప్పి బట్ట మీద దులిపాడు. గింజలు జలజలా రాలాయి.

"ఏటమ్మా, ఫోను తెచ్చినావా, ఇత్తనాలు తెచ్చినావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "ఫొటోలు ఉంటాయా?" అని అడిగాను. ఆయన పెట్టెలోంచి పగిలిన ఫోనొకటి తీశాడు. సరిగ్గా నా మోడలే. దానిలో చార్జింగు ముక్క ఊడదీసి నాదానికి అతికాడు. వైరు పెట్టగానే దీపం వెలిగింది. కాసేపటికి పూత పూసిన మా తోటలన్నీ తెర మీద కనిపించాయి. నా ప్రాణం లేచొచ్చింది.

మరిది ఫోనును మాత్రం ఆయన అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశాడు. "ఇలాటిది నేనింకా ఇప్పలేదు బాబూ. దీని సామాను ఇశాపట్నమే రాలేదు. ఇప్పితే మూయలేను."

తొమ్మిది నెలలుగా దాచుకున్న దెప్పుళ్ళు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాడి మొహం చూసి ఒక్కటే వాడాను. "నిజమేరా, ఇంత వింత నేనెక్కడా సూడలేదు."

మర్నాడు కళ్ళంలో కాఫీ ఎండే బల్లల మధ్య ఫోను పట్టుకుని నడిచాను. స్పీకరులో ఇంకా గింజ ఉండిపోయిందేమో, పట్నం ఆవిడ గొంతు బుర్రుమంటూ వచ్చింది. గుప్పెడు తీసి చూపించమంది. ఒక గింజ విరిచి చూపించమంది. ఫోను బాగవగానే పంపిన ఫొటోల గురించి ఒక్కొక్క తోటా పేరుపేరునా అడిగింది. ఎవరి తోటకు వాళ్ళే ముందుకొచ్చి జవాబు చెప్పారు. చివరికి, "మొత్తం సరుకు నాకే కావాలి. బండి మీ ఊళ్ళోకే పంపిస్తాను," అంది.

అంతలోనే సావుకారి వ్యాను ఎప్పటిలాగే రోడ్డు మీద ఆగి హారన్ కొట్టింది. నేను కదలబోతుంటే పెద్దావిడ ఆపింది. కొంగు బిగించి తనే ముందు నడిచింది. మేమంతా వెనక.

"ఏటమ్మా, ఈ ఏడు పళ్ళు రాలేదు?" అన్నాడు సావుకారి.

"అమ్మేసినాం."

"ఎవరు అమ్మిపెట్టారు?"

"మేమే సూపించినాం, మేమే అమ్మినాం. పైయేడు కావాలంటే మా కళ్ళంలోకొచ్చి ధర అడుగు."

ఆయన వ్యాను తిప్పుకున్నాడు. తిరిగొస్తూ పెద్దావిడ నా భుజం మీద చెయ్యేసింది. దగ్గర దారి వదిలేసి, మగవాళ్ళు కూర్చున్న అరుగుల ముందు నుంచే మమ్మల్ని నడిపించింది.