పిట్ట ముట్టని నెయ్యి

హుస్నాబాద్ పక్క ఊళ్లో కిష్టవ్వ చేతి నెయ్యి అంటే ఆషామాషీ కాదు. ఎవరింట్లో వెన్న మాడినా, నెయ్యి పూస కట్టకపోయినా, మట్టి గురిగిలో బూజు పట్టినా ఆమెకే కబురు వచ్చేది. "వేడి మీద మూతెందుకు వెట్టినవే? ఆవిరంత అండ్లనే వడ్డది," అని నాలుగు చీవాట్లు పెట్టి, కొంగు దోపి, తనే పొయ్యి రాజేసేది. నోరు కాస్త పెద్దదే. ఆ నోటికి తగ్గ ముక్కు కూడా ఉండేది మరి. వాసన చూసి వెన్న పాతదో కొత్తదో, మజ్జిగ పోయేదాకా కడిగారో లేదో చెప్పేసేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఒక వానాకాలం, జ్వరం వచ్చి ఆ ముక్కు కాస్తా పోయింది. మనిషి లేచి తిరిగింది గానీ పేడకూ మల్లెపూలకూ తేడా తెలియలేదు. నాలుకకు ఉప్పూ కారం తప్ప ఏదీ అందలేదు. ఈ సంగతి మొగుడు గంగయ్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. బయటపడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నెయ్యి గురిగి కోడలు అనసూర్య చేతికి పోతుంది, వెనకే పొయ్యి పోతుంది, ఇక తను ఒక మూల తిని కూర్చునే ముసలిదవుతుంది. ఇల్లంతా తన మాట మీద నడిపిన మనిషికి అంతకన్నా చావు ఏముంది?

గంగయ్య మాట తక్కువ మనిషి. అప్పటి నుంచి వెన్న కాచినప్పుడల్లా తాడు పేనుకునే వంకతో పొయ్యి దగ్గరికొచ్చి కూర్చునేవాడు. వెన్నముద్ద ఆయన ముక్కు దగ్గర పెడితే తలూపేవాడు, లేదంటే "ఇంకోసారి కడుగు" అనేవాడు. చిటపటలు ఆగడం ఆమె చెవికి తెలిసేది, అడుగున గసి ఎర్రబడటం కంటికి తెలిసేది. మిగిలింది ఆయన చూసుకునేవాడు. ఊరికి అనుమానమే రాలేదు.

చివరి ఏడాది గంగయ్య ఆయాసం ముదిరి, దమ్ము రోగంతో మంచం పట్టాడు. కిష్టవ్వ నెయ్యి కాచాక గురిగి పట్టుకుని మంచం దగ్గరికే వెళ్లేది. "మంచిగనే ఉన్నది," అనేవాడు, ఎప్పుడు చూపించినా అదే మాట. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఎండలు ముదిరినప్పుడు ఆయన పోయాడు. దినాల నాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు దూరంగా కూర్చోవాలి. ముట్టకపోతే ఆయనకు ఏదో కోరిక మిగిలిపోయినట్టే. గంగయ్య నెయ్యి లేకుండా ఏనాడూ ముద్ద ఎత్తలేదు. అందుకే ఎవరు వద్దన్నా వినకుండా కిష్టవ్వే వెన్న కాచింది. ఆయన రోగం ముదిరినప్పటి నుంచి కూడబెట్టిన వెన్న అది. చిటపటలు ఆగాయి, రంగు వచ్చింది, దించేసింది.

ఊరి బయట చిన్న వాగు పక్కన, ఒర్రె గడ్డన విస్తరి పరిచారు. అన్నం మీద, పప్పు మీద కిష్టవ్వ తన చేత్తోనే నెయ్యి పోసింది. కాకులు తుమ్మచెట్టు మీది నుంచి దిగాయి, విస్తరి చుట్టూ తిరిగాయి, ముట్టకుండానే ఎగిరిపోయాయి. పొద్దు నడినెత్తికొచ్చింది. గంగయ్య తమ్ముడు రాజయ్య లేచి దండం పెట్టాడు. "అన్నా, నీ బర్రెను అమ్మం. నీ పొలం దున్నకుంట పడావు వెట్టం." కొడుకు కైలాసం కూడా, "బాపూ, అవ్వను మంచిగ అర్సుకుంట," అన్నాడు. కాకి రాలేదు.

కిష్టవ్వకు తను పోసిన నెయ్యి మీదే అనుమానం వచ్చింది. కోడల్ని పక్కకు పిలిచింది.

"పిల్లా, నెయ్యి వాసనొస్తుందా?"

అనసూర్య తల వంచుకుంది. "వస్తుంది అత్తా."

"నాకు తెల్వలే. నా ముక్కు పనిజేస్తలేదు."

"ఎరికె అత్తా. మామ చెప్పిండు. ఏడాది సంది నువ్వు చేను కాడికి పోంగనె, నువ్వు కాచిన నెయ్యిల మునగాకు ఏసి మల్ల కాగవెట్టి వడగడుతున్న. మరీ కరాబైతె పారబోసి, కొత్త వెన్న కాచి పోస్తున్న. నీకు చెప్పద్దని మామ ఒట్టు ఏపిచ్చుకున్నడు. ఇయ్యాల చుట్టాల నడుమ నాకు సందు దొరకలే."

"మంచిగున్నదన్నడు గద నాతోని."

"నీ మనసు నొస్తదని అత్తా."

ఆ మాట కిష్టవ్వకు ఓదార్పుగా తగల్లేదు. ఏడాదిగా తను చేసిన పెత్తనమంతా వాళ్లిద్దరూ కలిసి వేసిన భిక్ష అన్నమాట. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో కూడా ఆమెకు తెలియలేదు.

"ఏమైంది వదినె?" అని రాజయ్య అడిగాడు.

"ఆ ఇస్తారి తియ్యుండ్రి. నెయ్యి కరాబైంది. నాకు వాసన తెల్వది, శానేండ్లాయె." అందరూ వినేట్టే చెప్పింది. రాజయ్య చప్పున వెళ్లి విస్తరి తీసేశాడు. తిట్టినా బాగుండేది.

అనసూర్య కొత్త విస్తరి వేసి అన్నం, పప్పు పెట్టింది. పోయడానికి వేరే నెయ్యి లేదు. కిష్టవ్వ కళ్లు మూసుకుంది. అందరూ కాకి రావాలని మొక్కుతుంటే ఆమె రావొద్దని మొక్కింది. నెయ్యి లేని ముద్ద ఆయన ముట్టడు, ఆ ఒక్క గొప్పైనా తనకు మిగలాలి అనుకుంది.

రెక్కల చప్పుడు వినిపించింది.

"ముట్టింది," అన్నాడు కైలాసం. అందరూ లేచి దండాలు పెట్టారు, తృప్తిగా వెళ్లిపోయాడని చెప్పుకున్నారు. కిష్టవ్వ కళ్లు తెరవలేదు. నెయ్యి చుక్క లేని ఉత్త అన్నమే తిని పోయాడు.