ఆ గంట ఎవరిది?

మా మేనత్త చనిపోయి నేటికి ఇరవై రోజులు. సూర్యాపేటలో ఏళ్ల తరబడి తాను హెడ్ నర్సుగా పనిచేసిన ఆసుపత్రి వాకిట్లోనే, కారులోంచి దించకముందే ఆమె ఊపిరి ఆగిపోయింది. ‘ఆలస్యంగా తీసుకువచ్చారు’ అని ఆమె కేసు షీటులో రాశారు. బతికున్నంతకాలం ఆ మాటను ఆమె ఎవరినీ ఊరికే రాయనివ్వలేదు.

ప్రతి శనివారం, ఆ వారం చనిపోయిన రోగుల కాగితాలు బల్ల మీద పరిచి, డాక్టర్లనూ నర్సులనూ చుట్టూ కూర్చోబెట్టేది. ఒకసారి పెన్‌పహాడ్ నుంచి పాము కాటుతో వచ్చిన కూలీ గురించి ఒక కుర్ర డాక్టరు, “వాళ్లే లేటుగ తెచ్చిన్రు మేడం” అన్నాడట. “వాళ్లు తొమ్మిదింటికే వచ్చిన్రు. సూది పదింటికి పడ్డది. ఈ గంట ఎవరిది సారూ?” అని ఆమె అడిగింది. తీగ లాగితే, మందున్న బీరువా తాళంచెవి జేబులో వేసుకుని ఒకతను చాయ్‌కి వెళ్లాడని తేలింది. మరునాటి నుంచి తాళంచెవి వార్డు గోడకే వేలాడింది.

“వాణ్ని సస్పెండ్ చేయించలేదా?” అని నేను మండిపడ్డాను.

“కాలేజీల డిబేట్ కప్పులు గెలిసి గెలిసి, మనిషి కనబడితే చాలు పడగొట్టబుద్ధయితది నీకు. వాడు పోతే ఇంకోడొస్తడు. వాడు చాయ్ తాగడా? నీకు గెలుసుడు కావాలె బిడ్డా, నాకు తెలుసుకునుడు కావాలె.”

సెలవు రోజున కోదాడ దాకా బస్సులో పోయి, చనిపోయిన బాలింత తల్లి ముందు కూర్చుని వచ్చేది. “ముందు వాళ్లు తిట్టేదంత వినాలె. తిట్లల్ల సగం నిజముంటది” అనేది.

ఆమె పోయిన రోజు మిర్యాలగూడలో, మా ఇంట్లో ఆమెకు ఛాతీ నొప్పి మొదలైంది. మా వీధి మలుపులోనే గుండె వైద్యం చేసే ఆసుపత్రి ఉంది. నాన్న కారు అటే తిప్పాడు. “గీడ మనల్ని ఎవలు పట్టించుకుంటరు? అత్త దవాఖానకే పోదాం” అన్నాను. నా వాదన ముందు నాన్న ఏనాడూ నిలవలేదు. కారు గంట దూరంలోని సూర్యాపేట వైపు తిరిగింది.

ఆమె మరణాన్నీ శనివారం బల్ల మీద పెట్టమని నేను పట్టుబట్టాను. “మేడం కాయితాలు వద్దమ్మా, చేతులాడతలేవు” అంది ఆమె దగ్గర పని నేర్చిన సిస్టర్. “ఊరందరికీ చేసిన న్యాయం ఆమెకు వద్దా?” అన్నాను. ఆ వాదనా నేనే గెలిచాను.

మొన్నటి శనివారం ఆ బల్ల ముందు కూర్చున్నాను. సిస్టర్ కాగితం మీద టైములు వేయడానికి గీతలు గీసి, తలెత్తకుండా అడిగింది: “దగ్గర్ల దవాఖాన లేకుండెనా?”

జవాబులు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టాను.

“ఉండె. నేనే వద్దన్న. నా పేరు రాయండి.”

“పేర్లు రాయమమ్మా. ఆడికెల్లి బండి ఎప్పుడు కదిలింది? టైం చెప్పు.”

చెప్పాను. ఆమె అంకె వేస్తుండగా వాకిట్లో రోగితో ఒక ఆటో వచ్చి ఆగింది. కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. గదిలో నేనూ, మూత పెట్టని పెన్నూ మిగిలాం.